పొట్లాల్లో పోయిన పుస్తకం

నిన్న మధ్యాహ్నం పార్సిల్ వచ్చింది. పైన ఒక ప్లాస్టిక్ సంచి, దాని లోపల గాలిబుడగల కవరు, దాని లోపల అట్టపెట్టె, పెట్టెలో పుస్తకం కదలకుండా నాలుగు పక్కలా కుక్కిన కాగితపు ఉండలు, ఇవన్నీ పీకాక పుస్తకం ఒంటికే అంటుకుని ఇంకో పల్చటి పొర. విప్పేసరికి గోళ్లు నొప్పిపుట్టాయి. కౌంటరు మీద చిన్న చెత్తకుప్ప తయారైంది. దాని మధ్యలోంచి, కొత్త వానకోటు వాసన వేసుకుని, తక్కువ వస్తువులతో తృప్తిగా బతకడం ఎలాగో చెప్పే పుస్తకం బయటికొచ్చింది.

ఇలాంటివాటిలో ఇది నా దగ్గర పదకొండోది. మొదటి ఆరు కొన్నాక పెట్టుకునే చోటు లేక ఒక చెక్క అలమర చేయించాను. అలమరలో ఖాళీ కనిపిస్తే ప్రాణం ఒప్పక మిగతావి కొన్నాను. సూరత్‌లోని అమ్రోలిలో నాది కట్‌పీసుల దుకాణం. మిల్లుల్లో మిగిలిన గుడ్డ ముక్కల్ని కిలోల లెక్కన తెచ్చి, కిలోల లెక్కనే అమ్ముతాను. ఖటోదరా గోదాముల్లో నేను మెట్లెక్కడం చూస్తే దళారులు ముందే టీ తెప్పించుకుని, చెప్పులు విప్పి, తీరిగ్గా కూర్చుంటారు, ఈమెతో బేరం ఇప్పట్లో తెమలదని. అంతటిదాన్ని ఈ పుస్తకాల దగ్గర మాత్రం ఓడిపోతున్నాను. ఫోనులో కొనేదానికి బేరమాడటానికి మనిషి మొహమే ఉండదు. బుట్టలో వేసి పదహారు రోజులు ఎదురు చూస్తే పద్నాలుగు రూపాయలు తగ్గింది. అదే గెలుపనుకుని కొన్నాను.

తీరా చదివితే అన్నీ ఒకటే తీరు. ఇంట్లో సామాను తగ్గించుకోమంటాయి, పదో పేజీకి వచ్చేసరికి ఆ తగ్గించిన సామాను సర్దుకోవడానికి ఫలానా డబ్బాలు కొనమంటాయి. రాసినవాళ్లు ఎప్పుడైనా నూనె గిన్నె అడుగు వేలితో తుడిచారా అని అనుమానం వస్తుంది. ఒక్కోసారి నామీదే అనుమానం వస్తుంది, ఇవన్నీ ఎందుకు కొంటున్నానని. ఎందుకో నాకు తెలుసు. పొదుపు గురించి, నింపాదిగా బతకడం గురించి మంచి రాత నేను జీవితంలో ఒక్కటే చదివాను. దాన్ని పదేళ్ల వయసులో నా చేతులతో నేనే చింపి, జీలకర్రకీ లవంగాలకీ పొట్లాలు కట్టి అమ్మేశాను.

మా నాయినది ఇదే ఊళ్లో, పాండేసరలో కిరాణా కొట్టు. కొట్టు వెనక ఒక గది మా ఇల్లు. ముందు వీధిలో బారుగా, తెలంగాణ నుంచి వచ్చి మగ్గాల మీద పనిచేసేవాళ్ల గదులు, ఆ చివర రంగుల మిల్లు. మిల్లు నీళ్లు మా గడప ముందు కాలువలోంచే పోయేవి, ఒకరోజు గులాబీ రంగు, ఒకరోజు నెమలికంఠం రంగు. ఈ వారం మిల్లులో ఏ రంగు చీరలు పడుతున్నాయో మా అమ్మ కాలువ చూసి చెప్పేది. కొట్టుకు ఒక పక్క గుజరాతీ ఆయన నూనె దుకాణం, ఇంకో పక్క మార్వాడీ ఆయన బట్టల దుకాణం. ఈ ముగ్గురి నడుమ పెరిగినదాన్ని కనుక నాకు మాటలూ బేరాలూ ఒకేసారి వచ్చాయి. అమ్మ అన్నం పెడితే కూడా "ఇంకొంచెం తక్కువకి రాదా" అన్నట్టు చూసేదాన్నట.

ఆ కొట్టు వాసన ఇప్పటికీ నా జుట్టులో ఉందనిపిస్తుంది. వాము, కిరసనాయిలు, తడి గోనె, బెల్లం మీద వాలిన కందిరీగలు, ఎండుమిరప బస్తా విప్పితే వీధి చివరిదాకా తుమ్ములు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నాల్లో నాయిన చొక్కా విప్పి, భుజం మీద తుండు వేసుకుని, తరాజు ముందు బాసిపట్టు వేసుకుని కూర్చునేవాడు. నేను ఆయన ఎడమ పక్కన బియ్యం బస్తా మీద కూర్చుని కాగితాలు చింపేదాన్ని. అప్పట్లో మా వీధిలో ప్లాస్టిక్ సంచి లేదు. ఏది కొన్నా కాగితంలోనే కట్టాలి. గరాటులాగా చుట్టి, అడుగు మెలిపెట్టి, సరుకు పోసి, పైఅంచు లోపలికి మడిచి, ఆపైన ఒక్క దారప్పోగు. సరిగ్గా కట్టిన పొట్లాన్ని గోడకేసి కొట్టినా గింజ రాలకూడదు. నా పొట్లం రాలేది కాదు. చదువులో కాకపోయినా ఆ ఒక్క పనిలో నేను ఫస్టు.

పొట్లం కట్టడంలో మా నాయిన దగ్గర ఒక శాస్త్రం ఉండేది. తరాజు పళ్లెంలో ముందు కాగితం పరవాలి, సరుకు దానిమీద పోయాలి, కాగితంతో కలిపి తూచాలి. ఉప్పుకీ ఇసుక లాంటి గోధుమ రవ్వకీ పల్చటి న్యూస్‌పేపరు. పప్పులకి కొంచెం దళసరిది. జీలకర్ర, మిరియాలు, లవంగాలు, యాలకులు, వీటికి మాత్రం దొరికినవాటిలో అన్నిటికన్నా మందం కాగితం. సరుకు ఖరీదు పెరిగేకొద్దీ కాగితం మందం పెరగాలన్నమాట. ఒకసారి బడిలో మోసం తప్పని పాఠం చెప్పించుకుని వచ్చి, "ఇది మోసం కాదా నాయినా" అని అడిగాను.

"మోసమేందే? కాగితం మనకు మొగులు మీదికెల్లి పడ్డదా? అది గూడ సరుకే" అన్నాడు.

వాదన నాకు నచ్చింది. ఇప్పటికీ నచ్చుతుంది, అదే బాధ.

పాత కాగితాల్ని సూరత్‌లో పస్తీ అంటారు. పస్తీ బండివాడు వారానికోసారి వచ్చేవాడు. అతని బండిలో ఎక్కువగా గుజరాతీ పేపర్లే. తెలుగు కాగితాలు ఉధనా రైల్వే క్వార్టర్ల నుంచీ, అక్కడక్కడా బ్యాంకు ఉద్యోగుల ఇళ్ల నుంచీ కొన్ని వచ్చేవి. నేను మున్సిపాలిటీ తెలుగు బడిలో చదివేదాన్ని. బడి పుస్తకాలు తప్ప తెలుగు అక్షరం కనబడని ఊరు. అందుకని బండివాడికి అప్పుడప్పుడూ ఇంత బెల్లం ముక్క చేతిలో పెట్టి, తెలుగువి విడిగా కట్టి తెమ్మని బేరం కుదుర్చుకున్నాను. చింపేముందు ప్రతి కాగితం చదివేదాన్ని. కథలు సగంలో మొదలై సగంలో ఆగేవి. ఆ పైన ఏమైందో ఎవరి ఇంటి పోపులోనో కలిసిపోయేది. "కలెక్టరమ్మా, నాకు మిరియాలిస్తవా, లేకుంటె పరీక్ష రాసి వస్తవా? అక్కడ పొయ్యి మీద పప్పు మాడుతున్నది" అని ఆడవాళ్లు దెప్పేవాళ్లు. నేను ఆఖరి వాక్యం అయిపోయేదాకా పొట్లం అడుగు మెలిపెట్టేదాన్ని కాదు.

ఆ ఏడు బతుకమ్మ ముందు వచ్చిన కట్టలో అది ఉంది.

దీపావళి వస్తుందంటే గుజరాతులో ఇళ్లన్నీ తిరగేసి దులుపుతారు. ఆ రోజుల్లో పస్తీ బండి మీద చెట్టంత ఎత్తున కాగితాలు. మా వాటాగా వచ్చిన తెలుగు కట్ట అడుగున, దారంతో కుట్టిన ఒక మందపాటి దొంతర కనిపించింది. అట్ట లేదు, పేరు లేదు. ఒక వైపు ఏవో పాత అచ్చు ఫారాలు, గళ్లూ గీతలూ. పనికిరావని పారేసిన ఫారాలు. అయితే కాగితం మాత్రం, అబ్బ, అప్పడంలా గట్టిగా ఉంది. తరాజులో వేసి చూశాను. మామూలు కాగితం కన్నా ఒక్కోటీ రెండు లవంగాల బరువు ఎక్కువ తూగింది. నాయిన నా తల నిమిరాడు. ఆయన నా తల నిమిరిన సందర్భాలు నాకు లెక్కపెట్టినట్టు గుర్తున్నాయి, అందులో ఇదొకటి. నేను అక్కడికక్కడే దారం తెంపేశాను.

పండగ రోజులు. కొట్టు ముందు ఒకటే రద్దీ. సద్దులకని నువ్వులు, పల్లీలు, బెల్లం, మలీదలోకి యాలకులు. పూలు దొరకని ఊళ్లో ఆడవాళ్లు మార్కెట్లో బంతిపూలు తెచ్చుకుని, తంగేడు లేని లోటుకి ఏదో పచ్చటి ఆకు పేర్చుకుని, రంగుల కాలువ పక్కనే చుట్టూ తిరిగి ఆడేవాళ్లు. ఆ సందట్లో నాలుగైదు రోజులకి గానీ ఆ ఫారాల వెనకవైపు నేను చూడలేదు. వెనక నీలిసిరాతో, చిన్న చిన్న ముత్యాల్లాంటి తెలుగు అక్షరాలు.

నేను చదివిన మొదటి పేజీ ఇది. "ఏదైనా వస్తువు కొనాలనిపిస్తే మూడు రోజులు దాన్ని మనసులోనే వాడి చూడు. మూడో రోజుకి అది అరిగిపోతే నీకు అక్కర్లేనిదని అర్థం. ఇంకా కొత్తగానే ఉంటే వెళ్లి కొనుక్కో, సిగ్గుపడకు."

ఇంకో పేజీలో బియ్యం కడిగిన నీళ్ల నాలుగు పనులు. ఇంకోదానిలో పాత చీర ఎన్ని జన్మలెత్తవచ్చో, చీర నుంచి లంగా, లంగా నుంచి దిండు గలీబు, గలీబు నుంచి మసిగుడ్డ, చివరికి దీపం వత్తి. మరోచోట, "చుట్టం ఇంట్లో ఉన్నరోజు పొదుపు గుర్తుకు రాకూడదు. ఆ రోజు గుర్తొస్తే దానికి పేరు వేరే ఉంది." చదువుతుంటే ఎవరో వంటింట్లో తలుపుకు చేరగిలబడి, చేతులు తుడుచుకుంటూ నాతోనే మాట్లాడుతున్నట్టుండేది.

ఇంత నచ్చినదాన్ని దాచుకున్నానా? లేదు. చదవడం, కట్టడం, ఇచ్చేయడం. నచ్చిన పేజీని పక్కన పెడితే అంత మందం కాగితం వృథా అవుతుందని నా భయం. చుట్టం మాట చెప్పిన పేజీ బాగా గుర్తు, లవంగాలకి వాడాను.

దసరా మర్నాడు పొద్దున గార్డు తాత, గార్డమ్మ కొట్టుకు వచ్చారు. ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు, గోదావరి వైపు మనుషులు. ఆమెకు కళ్లల్లో నీటికాసులు, ఏడాది నుంచీ చూపు పూర్తిగా పోయింది. ఆయన చొక్కా అంచు రెండు వేళ్లతో పట్టుకుని, ఆయన అడుగులో అడుగు వేసుకుంటూ నడిచేది.

"ఏమయ్యా సేటూ, మా ఇంటి పాత కాగితాల్లో కుట్టిన పుస్తకం ఒకటి వచ్చేసింది. మీకేమైనా చేరిందా?" అన్నాడాయన. "అట్టా లేదు, పేరూ లేదు. చూసినవాడెవడూ పుస్తకమనుకోడు. నలభై ఏళ్లు కాపరం చేసినవాణ్ణి, నేనే అనుకోలేదు."

"పొదుపు గురించి రాసేదాన్ని కొత్త నోటుపుస్తకంలో ఎలా రాస్తాను? అందుకే పారేసిన ఫారాల వెనక రాశాను. అదే కొంప ముంచింది" అని గార్డమ్మ నవ్వింది. వెంటనే ఆ నవ్వు ఆపేసింది. "నలభై కాగితాలు నాయనా. రాసిపెట్టాను కదా అని అన్నీ మర్చిపోయాను. మళ్లీ రాద్దామంటే కళ్లు లేవు. దీపావళి వెళ్లాక లాభ పంచమినాడు క్వార్టరు అప్పజెప్పి బండెక్కుతున్నాం. ఇక్కడ దొరక్కపోతే ఇంకెక్కడా దొరకదు."

నాయిన నా వైపు చూశాడు. నేను లవంగాల డబ్బా వైపు చూశాను. మందం కాగితాల దొంతరలో ఇంకా పద్నాలుగు మిగిలి ఉన్నాయి. నాయిన వాటిని తీసి, తుండుతో దుమ్ము దులిపి, ఆమె చేతిలో పెట్టి, నాతో అన్నాడు: "ఇల్లిల్లు తిరుగు. ఇయ్యకుంటె బేరం చెయ్యి. గదొక్కటే కద నీకొచ్చింది."

మా వీధిలో వాళ్లు పొట్లం కాగితాన్ని పారేసేవాళ్లు కాదు. ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. పొట్లం మా కొట్టు మెట్టు దిగాక దానికి ఇంకో బతుకు ఉంటుందని నేనెప్పుడూ ఆలోచించలేదు. వీధి మొదట్లో లచ్చవ్వ అని, మగ్గాలకు కండెలు చుట్టే ముసలామె. ఆమె పచ్చడి జాడీ మూతి మీద నీలిసిరా అక్షరాలతో ఒక పేజీ, దారంతో బిగించి కట్టి ఉంది.

"ఏంది బిడ్డా, కాగితం వాపసు కావాల్నా? మరి జీలకర్ర గూడ కక్కాల్నా?"

"దానికి రెండు పేపర్లు ఇస్త, లచ్చవ్వా."

"రెండా! గిసుంటి గట్టి కాగితం రెండింటికి వస్తదా? నాలుగియ్యి." జాడీ మూతి విప్పి, కాగితాన్ని అరచేతిలో పెట్టుకుని పైకీ కిందికీ ఆడించింది. "జర బరువే ఉన్నది కదనే ఇది" అని నా మొహంలోకి చూసింది. నాలుగు పేపర్లు ఇచ్చి బయటపడ్డాను. నా జన్మలో మొదటిసారి అడిగిన ధరకు కొన్నది అప్పుడే.

తర్వాతి నాలుగు రోజులు బడి వదలగానే చంకలో పేపర్ల కట్ట పెట్టుకుని తిరిగాను. మిల్లు మసి లోపలికి రాకుండా ఒకరు కిటికీ సందులో అంటించారు, దాన్ని తడిగుడ్డతో నానబెట్టి ఊడదీసుకున్నాను. ఒకరి ఇంట్లో దేవుడి పటం కింద, ఒకరి ఇంట్లో అప్పడాల మధ్య. పన్నెండు గంటల షిఫ్టు చేసి వచ్చి నేలమీద వెల్లకిలా పడుకున్న ఒకతని చేతిలో, విసనకర్రలాగా మడిచి. అతను కళ్లు తెరవకుండానే, "పేపర్లు వద్దు, ముందు విసనకర్ర తెచ్చియ్యి" అన్నాడు. మా ఇంటిది తెచ్చి ఇచ్చాను. ఇంకొక కాగితం ఎక్కడికి పోయిందో చెప్పబోయి ఆ ఇంటి తల్లి, ఒళ్లో పసిపిల్లను చూసి నవ్వు ఆపుకోలేకపోయింది. నేను వివరాలు అడగలేదు. ఆ వీధిలో చదువు వచ్చినవాళ్లు తక్కువ. ఆ కాగితం మీద ఏముందో చదవకుండానే, అందులో ఉన్నదంతా వాళ్లు చేసేస్తున్నారు. చదివినదాన్ని నేనొక్కదాన్నే, చింపినదాన్నీ నేనే.

పందొమ్మిది దొరికాయి. కొట్టులో ఉన్న పద్నాలుగుతో కలిపి ముప్పై మూడు. ఏడు దొరకలేదు. అందులో చుట్టం పేజీ ఒకటి.

రైల్వే క్వార్టర్ వరండాలో, మధ్యాహ్నం ఎండ వాలాక, గార్డమ్మ ఎదురుగా చాప మీద కూర్చునేదాన్ని. క్వార్టరు సగం ఖాళీ అయిపోయింది, ట్రంకుపెట్టెలకు తాళ్లు కట్టేశారు. అయినా వరండాలో కరివేపాకు తొట్టి, దాని మొదట్లో బియ్యం కడుగు తడి, తలుపుకు పాత చీరతో కుట్టిన తెర. పుస్తకంలో చదివినవన్నీ అక్కడ ఎదురుగా కనబడుతుంటే ఎవరింటికో కాదు, ఒక పేజీలోకే వచ్చి కూర్చున్నట్టుండేది. చాందీ పడవా పండగనాడు సూరత్ అంతా ఘారీలు తింటుంది, చేతికంటితే సబ్బుకి కూడా వదలనంత నెయ్యి ఉండే మిఠాయి. గార్డు తాత ఒకే ఒక్క ఘారీ తెచ్చి ముగ్గురికీ కత్తితో కోశాడు, నా ముక్క పెద్దది. గార్డమ్మ నెయ్యి అంటిన వేళ్లు కడుక్కోకుండా మోచేతులకు రాసుకుంది.

నేను ఒక్కో కాగితం ఆమెకు అందించేదాన్ని. ఆమె వేళ్లతో అంచులు తడిమి, ముక్కు దగ్గర పెట్టుకునేది. "ఇది వాము... ఇది ఇంగువ, అబ్బో... ఇదేంటే, కారం!" అని తుమ్మి, నవ్వి, "ఊఁ, చదువు" అనేది. వరస మాత్రం ఆమెకు గుర్తుంది, ఆమె చెప్పేది, నేను వెతికి పెట్టేదాన్ని. మొదటి రోజు గడిచాక ఆమె, "తర్వాత చుట్టం సంగతి ఉండాలి చూడు" అంది.

చుట్టం పేజీ ఎక్కడ ఉంది, లవంగాలతో పాటు ఎవరి ఊరికి పోయిందో! లేదని చెప్పవచ్చు. కానీ ఆమె చెయ్యి చాచి ఉంది, ఆ చేతిలో ఖాళీ పెట్టడం నాకు చేతకాలేదు. నా తెలుగు నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపి అందించాను. ఆమె తడిమింది, వాసన చూసింది, అదేం వాసనో చెప్పకుండా తిరిగి ఇచ్చింది. నేను గుర్తున్న రెండు ముక్కలు చెప్పి, మిగతాది కల్పించి చదివాను.

మర్నాటికి జ్ఞానోదయమైంది. వాసన లేని కాగితం దొంగ కాగితం. ఇంట్లో కూర్చుని, చుట్టం పేజీతో కలిపి ఏడు కాగితాల మీద నాకు తోచిన పొదుపంతా రాసి, ఒక్కోదానికీ పసుపు రుద్దాను. నాకు తోచిన పొదుపు ఎక్కడిదై ఉంటుంది? వంకాయలు కొనాలంటే ముందు టమాటాల ధర అడగాలి, టమాటాలు కొనాలంటే వంకాయల ధర అడగాలి. బుట్ట ఎత్తుకునే వేళకి వెళ్లాలి. నచ్చిన వస్తువును ఎప్పుడూ చేతిలోకి తీసుకోకూడదు, పక్కదాన్ని తీసుకోవాలి. ఇలాంటివి. చదువుతుంటే గార్డమ్మ ప్రతిదానికీ "ఊఁ" కొట్టింది. వంకాయల దగ్గర మాత్రం, "నాకు ఇంత బేరం వచ్చని నాకే తెలీదే" అంది. నేను గట్టెక్కాననుకున్నాను.

దీపావళికి మగ్గాలు ఆగాయి. వీధిలో సగం మంది తమ ఊళ్లకు వెళ్లిపోయారు, కాలువలో నీళ్లు తెల్లబడ్డాయి. లాభ పంచమి ముందు రోజు వరండాలో గార్డమ్మ సూదీ దారం నా చేతికిచ్చి, పుస్తకాన్ని మళ్లీ కుట్టమంది. కాగితాలు సర్దుతున్నాను.

"అన్నీ పెట్టావా?"

"పెట్టిన, గార్డమ్మా."

"ఆ ఏడూ పెట్టావా?"

"ఏ ఏడు?"

"పసుపు రాసినవి. వాటినీ కలిపి కుట్టు." నేను ముక్కు ఎగబీల్చాను. ఆమె చూడలేదు కానీ వినబడినట్టుంది. "ఏడుస్తావెందుకే పిచ్చిదానా. ముప్పై మూడు చాలవూ నాకు? అవి పెట్టమన్నది వంకాయల కోసం. ఆ సంగతి నాకు నిజంగా తెలీదు."

కుట్టాను. దారం రెండుసార్లు తెగింది. పొట్లాలు కట్టే చేతికి పుస్తకం కుట్టడం రాలేదు, కుట్లు వంకరపోయాయి. ఆమె వెన్ను తడిమి చూసుకుని, "బానే ఉంది, విడిపోదు" అంది.

మర్నాడు ఆటోలో రైలుకి వెళ్తూ ఇద్దరూ కొట్టు ముందు ఆగారు, దారిలోకి కాస్త వాము, కాస్త జీలకర్ర కావాలని. ఏళ్ల అలవాటు, నా చెయ్యి జీలకర్ర మాట వినగానే పాత క్యాలెండరు కాగితం మీదికి పోయింది. మందం కాగితం చింపితే ఒక చప్పుడొస్తుంది, గట్టిగా, కర్రుమని.

"పల్చటి కాగితంలో కట్టవే, పిల్లా" అంది గార్డమ్మ.

కోపం లేదు, ఎగతాళి లేదు. ఉప్పు కొంచెం తగ్గించు అన్నట్టు అంది. నాయిన ఆ కాగితం తీసి పక్కన పడేశాడు. జీలకర్రను ఉత్త పళ్లెంలో తూచి, మీద ఒక గుప్పెడు కొసరు పోసి, తన చేత్తోనే పల్చటి పేపర్లో కట్టి ఇచ్చాడు. ఆటో మలుపు తిరిగేదాకా నిలబడి చూశాడు. ఆ తర్వాత మూడు రోజులు అందరికీ ఉత్త పళ్లెంలోనే తూచాడు. నాలుగో రోజు పొద్దున మళ్లీ పళ్లెంలో కాగితం పరుచుకుంది. మా ఇంటి మంచితనం మూడు రోజుల్లో అరిగిపోయే రకం.

ఆమె ఉత్తరం ఎప్పుడూ రాలేదు. రాసే చూపు లేదు కదా, రాయించే అవసరమూ పడలేదేమో. నేనైనా ఆ ముప్పై మూడు పేజీలు చేతిలో ఉండగా ఎత్తి రాసుకోలేదు. కాగితాల మధ్య పుట్టి పెరిగినదాన్ని, కాగితం ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. ఇప్పుడు గుర్తు చేసుకుంటే ఆమె మాటలు ఏడెనిమిది వస్తాయి. మూడు రోజుల నియమం ఆమెదే, సందేహం లేదు. చీర జన్మలు ఆమెవే. చుట్టం పేజీలో చివరి వాక్యం ఆమెదా, ఆ రోజు వరండాలో నేను అల్లినదా అంటే చెప్పలేను. అలసిపోయిన రోజున అన్నీ నావే అనిపిస్తాయి, ఆమెవి ఒక్కటీ మిగల్లేదనిపిస్తుంది. అందుకే ఇంకో పుస్తకం, ఇంకో పార్సిల్.

పాండేసరలో మా కొట్టున్న చోట ఇప్పుడు మొబైల్ రీచార్జి దుకాణం. పొట్లాలు లేవు. జీలకర్ర కూడా ఐదు రూపాయల ప్యాకెట్లలో దండలు గుచ్చినట్టు వేలాడుతుంది, ప్యాకెట్టు ఇంటికి చేరాక దానికి ఇంకో బతుకు లేదు. పచ్చడి జాడీ మూతికి కట్టలేం, కిటికీ సందుకి అంటించలేం, విసురుకోలేం. చదువుకోవడానికి ధర తప్ప దానిమీద ఏమీ లేదు. నాయిన పోయి చాలాకాలమైంది. ఆయన తరాజు నా దగ్గరే ఉంది కానీ ఎవరూ దాన్ని నమ్మరు, ఎలక్ట్రానిక్ కాంటా పెట్టుకున్నాను. శాస్త్రం మాత్రం ఆయనదే. గుడ్డ ముక్కల్ని దళసరి కవరులో వేసి, కవరుతో కలిపి తూస్తాను.

నిన్న పార్సిల్ చెత్త ఇంకా కౌంటరు మీద ఉండగానే ఒకామె వచ్చింది, చీర చెంగు నడుముకు దోపుకున్న ముసలి గుజరాతీ ఆమె. లైనింగు గుడ్డ ఏరుకుంది. నేను కవరులో వేసి కాంటా మీద పెట్టాను. ఆమె కాంటా అంకె వైపు చూడను కూడా చూడలేదు. "థేలీ కాఢీనే తోలో, బేన్" అంది. కవరు తీసి తూచమని. అదే గొంతు, ఉప్పు తగ్గించమన్నట్టు. తీసి తూచాను. ఒక ముక్క కొసరు కూడా వేశాను. ఇది మూడు రోజులుంటుందో, రేపు పొద్దున్నే పోతుందో నాకు తెలుసు.

ఆమె వెళ్లాక కొత్త పుస్తకం చివర ఖాళీగా వదిలేసిన పేజీ ఒకటి చింపాను. గరాటులాగా చుట్టి, అడుగు మెలిపెట్టి, టీలోకని పెట్టుకున్న వాము నాలుగు చిటికెలు పోసి, అంచు లోపలికి మడిచాను. చేతికి పని గుర్తుంది. కాగితమే మరీ నున్నగా ఉంది, మడత నిలవలేదు. ఇలా వదలగానే అలా విచ్చుకుని, వామంతా అట్టపెట్టె ముక్కల మీద పడింది.

గింజలు ఏరుకుంటూ కూర్చున్నాను.